రంగప్పగారు ఆగిన చోట

2003వ సంవత్సరం. బెంగళూరు విల్సన్ గార్డెన్‌లో కింద టైర్ల కొట్టు, పైన మా స్టూడియో. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. నల్ల తెరలు దించిన ఒక హాలు, రెండు కెమెరాలు, పైనుంచి వేలాడే లైట్లు, చప్పుడు చేస్తుందని రికార్డింగ్ మొదలవగానే ఆపేసే ఏసీ. కంపెనీల శిక్షణ వీడియోలు, పెద్దమనుషుల సందేశాలు, అప్పుడప్పుడూ టీవీ చానళ్ళకు చిన్న కార్యక్రమాలు అక్కడ తీసేవాళ్ళం. నా పేరు పద్మ, టెలిప్రాంప్టర్ ఆపరేటర్‌ని. పెళ్ళికి ముందు టైపిస్టుగా చేరి, మెల్లగా ఆ యంత్రం ముందు కూర్చుండిపోయాను.

టీవీలో మాట్లాడేవాళ్ళు కాగితం చూడకుండా, మన కళ్ళలోకి చూస్తూ అంత ధారాళంగా ఎలా మాట్లాడతారని చాలామంది అడుగుతుంటారు. వాళ్ళు చూసేది మన కళ్ళలోకి కాదు, నాలాంటి వాళ్ళు టైపు చేసిన అక్షరాల్లోకి. కెమెరా లెన్స్ ముందు ఏటవాలుగా ఒక గాజు పలక ఉంటుంది. దాని కింద వెల్లకిలా పెట్టిన మానిటర్. మానిటర్ మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి, గాజులో సరిగ్గా కనిపిస్తాయి. గాజు వెనకున్న కెమెరాకు మాత్రం అక్షరాలు కనిపించవు, మనిషే కనిపిస్తాడు. చుట్టూ వెలుతురు పడకుండా నల్లగుడ్డ కప్పుతాం. అక్షరాలను పైకి జరపడాన్ని స్క్రోల్ అంటారు. స్క్రోల్ చేసే గుండీ నా చేతిలో ఉంటుంది. చదవాల్సిన వరస ఇదీ అని చూపడానికి గాజు అంచున ఒక బాణం గుర్తు ఉంటుంది.

కెమెరా పక్కనే ఇంకో చిన్న టీవీ పెడతాం. అది టాలెంట్ మానిటర్. కెమెరా ముందు కూర్చున్న మనిషిని మా పనిలో టాలెంట్ అంటారు, ఆ మనిషికి అది ఉన్నా లేకపోయినా. తాను తెర మీద ఎలా కనిపిస్తున్నదీ ఆయన అందులో చూసుకోవచ్చు. చాలామంది మాట కంటే జుట్టునే ఎక్కువ చూసుకుంటారు.

కొత్తగా వచ్చినవాళ్ళందరికీ నేను ఒకటే చెప్పేదాన్ని. "అక్షరాల వెంట మీరు పరుగెత్తొద్దు. మీరు ఆగితే నేను ఆగుతాను, మీరు కదిలితే నేను కదులుతాను." ఇది చెప్పగానే భుజాలు కాస్త దిగుతాయి. ఇక రెండో విద్య, నేను లోలోపల గర్వపడే విద్య, మాట మార్చడం. ఎదుటి మనిషి నాలుక ఎక్కడ తట్టుకుంటుందో వినగానే తెలిసిపోతుంది. ఒక బ్యాంకు అధికారి "అవినాభావ సంబంధం" దగ్గర పొద్దుటి నుంచి చెమటలు కక్కుతుంటే, ఎవరినీ అడక్కుండా దాన్ని "మంచి సంబంధం" చేసేశాను. ఆయన గాలిలో తేలినట్టు చదివేసి వెళ్ళిపోయాడు. తడబడితే మాట మార్చు, వరస విరగ్గొట్టు, ముందుకు నడిపించు. ఇదే నా పని అనుకునేదాన్ని.

ఆ ఏడాది సరోజమ్మగారు మా దగ్గరికి వచ్చారు. ఆమె వెంట ఆమె తమ్ముడు మురళి. వాళ్ళది నగర్తపేటలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆమె భర్త రంగప్పగారు ఆ పేటలోనే చిన్న ఇత్తడి పనిశాలతో మొదలుపెట్టి, ఆనేకల్ వైపు ఒక యూనిట్ కట్టుకున్నారు. పంపుసెట్లకు కావలసిన ఇనుప భాగాలు అక్కడ పోతపోస్తారు. పనివాళ్ళలో ఎక్కువమంది కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు.

అంతకు ముందు ఏడాది ఆ యూనిట్‌లో ఒక చావు జరిగింది. ఓబులేసు అనే పనివాడు చైన్ పుల్లీతో ఒక బరువైన పోతదిమ్మను పైకెత్తుతుంటే, అది జారి అతని మీద పడింది. బరువు కింద నిలబడటం అతని అజాగ్రత్తేనని విచారణలో రాసుకున్నారు. అది జరిగిన రెండు మూడు నెలలకు రంగప్పగారికి పక్షవాతం వచ్చి, కుడి చెయ్యి, మాట పడిపోయాయి. చెయ్యి కొంత తిరిగి వచ్చింది. మాట రాలేదు.

"ఓబులేసు పోయి సంవత్సరం అవుతుంది మేడం," అన్నాడు మురళి. యూనిట్ వ్యవహారాలన్నీ అప్పటికి అతనే చూస్తున్నాడు. "వాని పేరు మీద అన్నం తినే షెడ్డు కట్టినాము. వాని పెండ్లాం వస్తాది, ఊరినించి మనుషులు వస్తారు. బావ ఏమన్నా రెండు మాటలు చెప్పకుంటే బాగుండదు. అంతమంది ముందర ఆయనకి ఒక్క మాట గూడా రాదు. వీడియోలో అయితే చిన్నచిన్నగా తీసి అతికిస్తారు గదా."

"ఆయనకు చదవడం వస్తుందా?" అని అడిగాను.

సరోజమ్మగారు అందుకున్నారు. "అదే అమ్మా విచిత్రం. సొంతంగా మాట రాదు. ఆస్పత్రిలో మాట నేర్పే ఆయమ్మ పెద్ద పెద్ద అక్షరాలు రాసి చూపిస్తే మెల్లగా చదువుతాడు. కన్నడ అక్షరాలు ఉండల్ల. మాట మాత్రం తెలుగే."

ఇందులో నాకు వింతేమీ లేదు. బెంగళూరులో మా ఇళ్ళలో సగం ఇంతే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మా నాన్న కూడా తెలుగు మాటల్ని కన్నడ లిపిలోనే రాసుకునేవాడు. మురళి తెచ్చిన సందేశాన్ని అలాగే కన్నడ అక్షరాల్లో టైపు చేశాను. వరసకు కొన్నే మాటలు, అక్షరాలు అరచేయంత.

రికార్డింగ్‌కు పొద్దున్నే వచ్చారు. రంగప్పగారిని ఇద్దరు పట్టుకుని మెట్లెక్కించారు. పొడుగ్గా, ఎముకలు గట్టిగా ఉన్న మనిషి. తెల్ల చొక్కా, నుదుట విభూతి. కుర్చీలో కూర్చోగానే టాలెంట్ మానిటర్‌లో తన ముఖం కనిపించింది. నోరు ఒక పక్కకు లాగి ఉంది. ఆయన ఠక్కున ముఖం తిప్పేసుకున్నాడు. ఇంట్లో అద్దాలు కూడా తీసేశారట, అది మాకు తెలియదు. సరోజమ్మగారు ఏమీ అనకుండా సంచిలోంచి తువ్వాలు తీసి మానిటర్ మీద కప్పేశారు.

మా కెమెరామన్ జోసెఫ్ ఎంత ఓపిక ఉన్నవాడంటే, వాన తగ్గేదాకా కెమెరా పట్టుకుని గొడుగు కింద నిలబడే రకం. "తొందర లేదు సార్," అన్నాడు. నేను నా పాత మాట చెప్పాను, మీరు ఆగితే నేను ఆగుతానని. రంగప్పగారు నా వైపు తేరిపార చూశాడు. మాట పోయినవాళ్ళు ఎదుటివాళ్ళ మాటల్ని ఎంత జాగ్రత్తగా వింటారో ఆ రోజు మొదటిసారి గమనించాను.

మొదలుపెట్టాం. "అందరికీ... నమస్కారం." గొంతు బరువుగా ఉంది కానీ స్పష్టంగానే ఉంది. "ఈ షెడ్డు... ప్రారంభోత్సవానికి... వచ్చిన..." ప్రారంభోత్సవం దగ్గర ఊపిరి బిగబట్టాను. ఆయన కళ్ళు చిట్లించి, అక్షరం అక్షరం పట్టుకుని, దాన్ని దాటేశాడు. జోసెఫ్ బొటనవేలు పైకెత్తి చూపించాడు. సరోజమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

తర్వాతి వరస: చిన్న అజాగ్రత్త వల్ల మన ఓబులేసును పోగొట్టుకున్నాం.

ఆయన "చిన్న" అన్నాడు. ఆగాడు. నేనూ ఆగాను. పెదవులు కదిలాయి, మాట రాలేదు. కాసేపటికి "కాదు" అన్నాడు.

"ఆ మాట కష్టం లేండి," అని అజాగ్రత్త తీసేసి ఏమరుపాటు పెట్టాను. మళ్ళీ మొదటి నుంచి. ప్రారంభోత్సవం దాటాడు. "చిన్న..." ఆగాడు. "కాదు." ఏమరుపాటు పోయి తొందరపాటు వచ్చింది. తొందరపాటు పోయి పొరపాటు వచ్చింది. ప్రతిసారీ అదే చోట ఆగడం, అదే "కాదు". ఆయన నుదుటి విభూతి చెమటకు చెదిరిపోయింది.

"అలిసిపోయినాడు," అన్నాడు మురళి. "ఈ పొద్దుకు చాలు."

"ఆ కాదుని మనసులో పెట్టుకోవద్దమ్మా," అన్నారు సరోజమ్మగారు. "పక్షవాతం వచ్చినంక ఆయనకి మిగిలిన మాట అదొగటే. కాఫీ కావల్నా అంటే కాదంటాడు, లోటా చేతికిస్తే తాగేస్తాడు."

నేను గుండీ మీంచి చెయ్యి తీసేశాను. పొద్దుటి నుంచి నేను విన్నదంతా నా చెవిలో మళ్ళీ తిరిగింది. ప్రారంభోత్సవం లాంటి మాటను ఎక్కి దిగిన నాలుక, పొరపాటు దగ్గర ఎందుకు ఆగుతుంది? నా అనుభవంలో అలాంటి నాలుకను చూడలేదు. కష్టమైన మాట దగ్గర ఎవరైనా తడబడతారు. తేలిక మాట పెడితే లేచి నడుస్తారు. ఈయన తడబడటం లేదు. ఆగుతున్నాడు. రెండింటికీ తేడా నాకు తెలియాలి. నా పనే అది.

ఎవరికీ చెప్పకుండా ఒక కొత్త వరస టైపు చేసి బాణం దగ్గరికి తెచ్చాను. నా పేరు రంగప్ప.

ఆయన చదివాడు. "నా... పేరు... రంగప్ప."

ఇంకో వరస పెట్టాను. నా పేరు మురళి.

"నా... పేరు..." ఆగాడు. గాజు మీంచి చూపు తిప్పి బావమరిదిని చూశాడు. నవ్వగలిగిన వైపు నోరు నవ్వింది. "కాదు," అన్నాడు.

సరోజమ్మగారు లేచి నిలబడ్డారు. నెలల తరబడి ఆ "కాదు"ను జబ్బు అనుకుని ఆమె ఎన్నిసార్లు దాటేసి ఉంటారో ఆమె ముఖం చూస్తే తెలిసింది. పొద్దుటి నుంచి నేనూ అదే చేశాను, పైగా ఎంతో నేర్పుగా.

మూడో వరస పెట్టాను. తప్పు ఓబులేసుది.

"కాదు," అన్నాడు. ఈసారి చదవడం మొదలే పెట్టలేదు.

మా యంత్రం మనిషి నోటికి మాటలు అందించడానికే పుట్టింది. దాన్ని తిరగేసి వాడొచ్చని నాకు ఏ రోజూ తోచలేదు. సందేశమంతా తుడిచేశాను. నల్లటి గాజు, అంచున బాణం గుర్తు, అంతే. కెమెరా పక్కకు వచ్చి ఆయనకు కనబడేలా నిలబడి, "సార్, ఇప్పుడు నేనేమీ పెట్టను. మీరొక మాట చెప్పండి. అది రాసి మీకే చూపిస్తాను," అన్నాను.

ఆయన ఖాళీ గాజునే చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఎడమ చెయ్యి పైకెత్తి, చూపుడు వేలు కొక్కిలా వంచాడు. తర్వాత గొంతులోంచి తోసుకుంటూ వచ్చింది. "కొక్కెం."

ఏ కొక్కెమో సరోజమ్మగారికి, నాకు అర్థం కాలేదు. మురళికి అర్థమైంది. అతను నేల చూపులు చూశాడు.

కొక్కెం అని టైపు చేసి బాణం దగ్గర పెట్టాను. ఆయన దాన్ని చదివాడు. తన మాట తన కళ్ళ ముందు నిలబడేసరికి దాని వెనకనున్న మాటకు దారి దొరికింది. "కొక్కెం... అరిగె." అదీ టైపు చేశాను. రెండూ కలిపి చదివాడు, మూడోది వచ్చింది. ఇలా ఒక్కో మాట ఆయన నోటి నుంచి గాజు మీదికి, గాజు మీంచి మళ్ళీ ఆయన నోటికి. మధ్యలో నేను ఒక్క అక్షరం చేర్చలేదు. విభక్తులు కలపలేదు, వాక్యం సరిదిద్దలేదు. అంత కష్టమైన పని నేను అంతకు ముందు చేయలేదు. చేతులు వాటంతటవే అందంగా రాయబోతాయి, వాటిని పట్టి ఆపాలి.

చివరికి గాజు మీద మిగిలినవి ఇవి: కొక్కెం అరిగె. నాకు తెలుసు. ఓబులేసు చెప్పె. ఈ పొద్దుకు కానీ అంటి. నేను అంటి.

విషయం ఇది. బరువెత్తే పుల్లీ కొక్కెం అరిగిపోయింది. ఓబులేసు ఆ సంగతి యజమానికి చెప్పాడు. ఈ రోజుకు ఎలాగో కానివ్వమన్నది రంగప్పగారు. బరువు అతని అజాగ్రత్త వల్ల జారలేదు, ఆ కొక్కెం నుంచి జారింది.

మురళి ముందుకొచ్చాడు. "మేడం, మీరు ఆయన నోట్లో మాటలు పెడతా ఉండారు."

నాకు కోపం తక్కువేమీ కాదు. "నా ఉద్యోగమే అది మురళిగారూ. ఈ పొద్దు ఒక్కరోజు మాత్రం ఆ పని చేయలేదు. మీరే చూడండి," అన్నాను. ప్రతి మాటనూ రెండు రకాలుగా పెట్టి చూపించాను. నాకు తెలియదు అని పెడితే ఆగాడు. నాకు తెలుసు అని పెడితే చదివాడు. ఓబులేసు చెప్పలేదు అని పెడితే "కాదు" అన్నాడు, గొంతు పెంచి. మురళి అనె అని పెట్టాను. బావమరిది వైపు చూసి, మెల్లగా తల అడ్డంగా ఊపాడు. నేను అంటి అని పెడితే చదివాడు.

మురళి కుర్చీలో కూలబడ్డాడు. అతను చెడ్డవాడు కాదు, ఆ మాట రాయకపోతే అన్యాయమవుతుంది. "కొక్కెం మాట నాకు తర్వాత తెలిసింది. విచారణలో అడగలేదు, నేను చెప్పలేదు," అన్నాడు. "అక్కా, ఇది బయటికి పోతే కేసు మళ్ళా తెరుస్తారు. యూనిట్ మూస్తారు. అందులో బతికేవాళ్ళు ఎంతమంది ఉండారు? ఓబులేసు తమ్ముడు గూడా ఆడనే పని చేస్తా ఉండాడు. ఆ లైన్ తీసేద్దాం. తప్పు వానిదీ అనొద్దు, మనదీ అనొద్దు. సుమ్నే, ఊరికే నమస్కారం చెప్పి ముగిద్దాం."

అది అడగదగిన మాటే. ఖర్చు పెట్టుకుని వచ్చినవాళ్ళు వాళ్ళు, తీసేయమంటే తీసేయాలి. మురళి సందేశాన్ని మళ్ళీ ఎక్కించి, ఓబులేసు వరస ఒక్కటీ తొలగించాను. ముందు వరస, తర్వాత వరస అతుక్కుపోయాయి, మధ్యలో ఏమీ లేనట్టు. రంగప్పగారు నమస్కారం చెప్పాడు, ప్రారంభోత్సవం దాటాడు. సరిగ్గా ఆ చోటికి రాగానే ఆగాడు. తర్వాతి వరస తేలికైనదే, ఇక ముందు కూడా అందరం కలిసి పనిచేద్దాం అని. దాన్ని ఆయన చూడను కూడా చూడలేదు. వరస తీసేయగలిగాం, ఆయన ఆగడాన్ని తీసేయలేకపోయాం.

నేను స్క్రోల్ చేయలేదు. జోసెఫ్ కెమెరా ఆపలేదు. ఆయన అలా గాజు వైపు చూస్తూ కూర్చున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

సరోజమ్మగారు దగ్గరికి వెళ్ళి ఆయన ముఖం తుడిచారు. తర్వాత తమ్ముడి వైపు తిరిగారు. "ఇన్ని నెలలు ఈయనకి మాట పోయిందనుకుని నేను బేజారు చేసుకుంటి. మాట ఉండాది మురళీ. చెప్పనీకి మనం దారి ఇయ్యలేదు."

"కేసైతే?"

"అయితే కానీ. ఈయన బతికినన్ని దినాలు దీన్ని మోస్తా కూర్చుంటే చూస్తా ఉండల్నా నేను?" అని నా వైపు చూశారు. "ఆయన మాటలే పెట్టమ్మా. ఒగటి గూడా మార్చొద్దు."

పెట్టాను. జోసెఫ్ కెమెరాను కొంచెం దగ్గరికి తీసుకున్నాడు. ఈసారి అతికించడాలు, ముక్కలు చేయడాలు లేవు, మొదటి నుంచి చివరికి ఒకే షాట్. "కొక్కెం... అరిగె. నాకు... తెలుసు. ఓబులేసు... చెప్పె." ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది, నా వేలు దాని వెంట నడుస్తోంది. "ఈ పొద్దుకు... కానీ... అంటి. నేను... అంటి." అక్కడ ఆగాడు. నేనూ ఆగాను. ఆ రెండు మాటలూ బాణం దగ్గరే ఉన్నాయి. ఆయన వాటిని మళ్ళీ చదివాడు, ఎవరూ చెప్పకుండానే. "నేను అంటి." ఈసారి మధ్యలో ఆగలేదు.

అన్నీ అయ్యాక ఆయన ఎడమ చేత్తో టాలెంట్ మానిటర్ మీది తువ్వాలును చూపించాడు. సరోజమ్మగారు తటపటాయించారు. ఆయన మళ్ళీ చూపించాడు. తీశారు. జోసెఫ్ టేపు వెనక్కి తిప్పి వేశాడు. ఒక పక్కకు లాగిన ఆ నోరు తన తప్పును తాను చెప్పుకోవడాన్ని రంగప్పగారు ముఖం తిప్పుకోకుండా చివరిదాకా చూశాడు.

షెడ్డు ప్రారంభానికి నేనూ వెళ్ళాను. టేపు వేసి చూపించే బాధ్యత మాదే. ఆరుబయట షామియానా కింద పెద్ద టీవీ పెట్టాం. అప్పటి టీవీలు ఎండకు పనికిరావు. పక్క నుంచి పడే వెలుతురుకు తెర మీద మా నీడలు తప్ప ఏమీ కనిపించడం లేదు. ప్రాంప్టర్‌కు కప్పే నల్లగుడ్డ నా దగ్గరుంది. రెండు కర్రలకు దాన్ని కట్టి టీవీ ముందు చిన్న గూడులా చేశాను. లోపల ఇద్దరు ముగ్గురికే చోటు. మిగతావాళ్ళు స్పీకర్లలో వినాల్సిందే. ఓబులేసు భార్య గంగమ్మను తెచ్చి గూడు లోపల కూర్చోబెట్టాను. సన్నగా, చిన్నగా ఉన్న మనిషి. కూర్చునే ముందు చెప్పులు బయట విడిచింది.

మురళి మైకులో రెండు మాటలు చెప్పి టేపు వేయమన్నాడు. అంత భయపడినా, వేయమన్నది అతనే. అది నాకు గుర్తుండిపోయింది.

రంగప్పగారి గొంతు ఆ ఆవరణంతా వినిపించింది. పోత కొలిమి ఆ రోజు ఆపేశారు కాబట్టి ఇంకో చప్పుడు లేదు. ఓబులేసు చెప్పె అన్న చోట జనంలో ఒక కదలిక వచ్చింది. నేను అంటి, నేను అంటి అనడంతో టేపు అయిపోయింది.

గంగమ్మ ఏడ్చి పడిపోతుందేమోనని నేను పక్కనే నిలబడ్డాను. ఆమె ఏడవలేదు. నల్లగుడ్డ లోంచి తల బయటికి పెట్టి నన్ను పిలిచింది.

"అక్కా, ఇంగోసారి వేస్తారా?"

"వేస్తాను. ఎందుకమ్మా?"

"చచ్చే ముందు దినం రాత్రి మా ఆయన అన్నం తింటా నాతో అనె, కొక్కెం అరిగిపోయిండాది, సావుకారికి చెప్తి అని. ఆయన పోయినంక నేను ఎవురికి చెప్పినా నమ్మలేదు. మా మామ గూడా నమ్మలేదు. 'నా కొడుకు పోకిరోడు, వాని తిక్కతోనే చచ్చె' అంటా ఉండాడు. మామ ఆడ వెనకాల కూర్చోనుండాడు. సరిగ్గా యినబడదు ఆయనకి. ముందుకు పిలుచుకొస్తా."

తలపాగా చుట్టుకున్న ముసలాయనను ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చి గూడులో తన పక్కన కూర్చోబెట్టుకుంది. నేను శబ్దం పెంచి టేపు మళ్ళీ వేశాను. నల్లగుడ్డ అంచు గాలికి లేస్తుంటే పట్టుకుని నిలబడ్డాను. లోపల ముసలాయన తెరకు ఆనుకున్నంత దగ్గరగా వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. టేపు అయిపోయాక కోడలి వైపు తిరిగాడు.

"చెప్పినాడా వాడు?"

"చెప్పినాడు మామా."

ముసలాయన తలపాగా విప్పి దాన్ని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు అంతవరకూ ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది. గుడ్డ వదిలితే వెలుతురు పడుతుందని, పట్టుకునే ఏడ్చాను.

ఆ తర్వాత మురళి భయపడినట్టే అయింది. విచారణ మళ్ళీ జరిగింది. యూనిట్ కొన్నాళ్ళు మూతబడి, కొత్త పుల్లీలు, కొత్త కట్టుబాట్లతో మళ్ళీ తెరుచుకుంది. ఓబులేసు అజాగ్రత్త అన్న మాటను కాగితాల్లోంచి తీసేశారని సరోజమ్మగారు ఫోన్ చేసి చెప్పారు. రంగప్పగారు ఆ తర్వాత రెండేళ్ళు ఉన్నారు. మాట పెద్దగా రాలేదు. "ఇప్పుడు కాదంటే కాఫీ ఇయ్యడం లేదమ్మా," అన్నారు ఆమె, నవ్వుతూనో ఏడుస్తూనో నాకు తెలియలేదు.

నేను ఆ పనిలో ఇంకా చాలా ఏళ్ళు ఉన్నాను. బరువైన మానిటర్లు పోయి పలుచనివి వచ్చాయి, ఎండలో కూడా కనిపించే తెరలు వచ్చాయి. ఎలక్ట్రానిక్ సిటీలో పెద్ద పెద్ద కంపెనీల అధికారులకు స్క్రోల్ చేశాను. వాళ్ళూ ఏదో ఒక చోట ఆగేవాళ్ళు. ఇంతమందిని తొలగిస్తున్నాం అన్న చోట, మీ క్షేమమే మాకు ముఖ్యం అన్న చోట. పాత పద్మ అయితే మరుక్షణం తేలిక మాట వెతికి పెట్టేది. రంగప్పగారి తర్వాత నాకు అందుకు చెయ్యి రాలేదు. "ఈ మాట పలకడం కష్టంగా ఉందా?" అని ఎన్నడూ అడగలేదు. గుండీ వదిలేసి ఒక్కటే అడిగేదాన్ని.

"సార్, ఈ మాట మీదేనా?"

కొందరు విసుక్కుని చదివేసేవాళ్ళు. కొందరు నీళ్ళు తాగి, ఆ వరస తిరగరాసుకోవడానికి ఐదు నిమిషాలు ఇవ్వమని అడిగేవాళ్ళు.